ముందు బాకీలు, తర్వాత కానుక: విశాఖలో క్రీస్తు శిష్యుడిగా రోజు గడపడం ఎలా?

శిష్యత్వంలో ఎదగాలంటే ఏం చేయాలి అని అడిగితే మన సంఘాల్లో ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: ఇంకో కూడికకు రండి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యవ్వనస్తుల కూడిక, మధ్యలో ఎవరింట్లోనో కాటేజ్ మీటింగ్. వీటిలో తప్పేమీ లేదు. కానీ పరవాడలో డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో గాజువాక చేరి, ఇంటికొచ్చి పిల్లల హోంవర్కు చూసే మనిషికి కూడికల పట్టిక చేతిలో పెడితే రెండు వారాలు వస్తాడు, మూడో వారం పాస్టర్‌గారు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతాడు.

ఇక్కడ చెప్పే పద్ధతి అదనంగా టైం పెద్దగా అడగదు. కూరలు కొనడం, జీతం ఇవ్వడం, బస్సెక్కడం, రిజిస్టర్‌లో సంతకం పెట్టడం వంటి రోజూ ఎలాగూ చేసే పనులతోనే నడుస్తుంది. ఖర్చు మాత్రం ఉంటుంది. ఒక్కోసారి డబ్బు, ఒక్కోసారి పరువు. జ్ఞానాపురం కెథడ్రల్‌లో పూజకు వెళ్ళేవారికైనా, డాబా మీద రేకుల షెడ్డులో కూడుకునేవారికైనా ఇందులో తేడా లేదు.

బాకీల చీటీతో మొదలుపెట్టండి

బైబిలు తెరవడానికి ముందు ఒక తెల్లకాగితం తీయండి. నా సలహాలన్నిటిలోకీ ఇదే ముఖ్యం, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాల్లో యేసు ఒక వరస చెప్పాడు. బలిపీఠం దగ్గర కానుక ఇవ్వబోతుండగా నీ మీద నీ సహోదరునికి ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. లూకా 19లో జక్కయ్య కథ కూడా ఆ వరసలోనే నడుస్తుంది. ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగిస్తాను అని అతను నిలబడి చెప్పాకే, ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని యేసు అన్నాడు.

కాగితం మీద మీరు ఎవరెవరికి బాకీ ఉన్నారో రాయండి. బ్యాంకు లోన్లు వద్దు, వాటిని బ్యాంకు వాళ్ళే గుర్తుచేస్తారు. గుర్తుచేయలేని వాళ్ళ పేర్లు రాయండి. పచారీ కొట్టు ఖాతా. అత్యవసరమని బావగారి దగ్గర తీసుకుని ఆయన అడగలేదు కదా అని ఊరుకున్న పదివేలు. చీటీ పాడుకుని, ఆ తర్వాత కట్టడం మానేసిన నెలలు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు మీరు ఏదో కారణం చూపించి పట్టుకున్న అద్దెదారు అడ్వాన్సు. అంట్లు తోమే అమ్మాయికి సంక్రాంతికి ఇస్తానని చెప్పి ఇవ్వని చీర. డబ్బు కాని బాకీలు కూడా ఉంటాయి: తెచ్చి తిరిగివ్వని డ్రిల్లింగ్ మిషను, చెప్పాల్సి ఉండి చెప్పని క్షమాపణ.

తర్వాత చిన్న మొత్తాల నుంచి తీర్చడం మొదలుపెట్టండి. ఒకేసారి తీర్చలేనిది ఉంటే ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, "ఈ నెల ఇంత, ఫలానా నెలకల్లా మొత్తం" అని తేదీతో సహా చెప్పండి. ఫోన్ ఎత్తకుండా తిరగడం కంటే అదే ఇద్దరికీ మర్యాద. ఇలా వెళ్ళినప్పుడు "ప్రభువు నన్ను మార్చాడు" అని సాక్ష్యం మొదలుపెట్టకండి. ముందు డబ్బు చేతిలో పెట్టండి. కారణం వాళ్ళు అడిగితే అప్పుడు చెప్పొచ్చు.

రెండో వైపు కూడా చూసుకోవాలి. మన విశ్వాసుల్లోనే నూటికి మూడు, ఐదు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ళు ఉన్నారు. ఐదు రూపాయలంటే ఏడాదికి 60 శాతం. ప్రభువు గుడారంలో ఎవరు ఉండగలరు అని అడిగే 15వ కీర్తన ఇచ్చే జవాబులో, తన డబ్బు వడ్డీకి ఇవ్వనివాడు అనే మాట ఉంది. ఆ కీర్తన కంఠతా వచ్చినవాళ్ళు నోట్లు రాయించుకోవడం చూస్తే నాకు మాట రాదు. అసలు ముట్టిందనుకున్న చోట నోటు చింపేయండి.

కూలి విషయం ఇంకా తిన్నగా ఉంది. కూలివాని కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13. ప్లంబరు, మేస్త్రి, గోడలకు సున్నం వేసినవాడు, వీళ్ళకు "రేపు రా" అనకండి. సాయంత్రం ఫోన్‌పే కొట్టడానికి అర నిమిషం పట్టదు.

కొనేటప్పుడు

రైతు బజార్లో ధర బోర్డు మీద ఉంటుంది, అక్కడ గొడవ లేదు. గొడవంతా ఫిషింగ్ హార్బర్ దగ్గర, పూర్ణా మార్కెట్ బయట గంప దించుకుని కూర్చున్న ముసలమ్మ దగ్గర. సామెతలు 20:14లో ఒక వచనం ఉంది, విశాఖ చేపల బేరాన్ని చూసి రాసినట్టే ఉంటుంది: కొనేవాడు జబ్బుది జబ్బుది అంటాడు, అవతలికి వెళ్ళి మెచ్చుకుంటాడు. బేరం ఆడొద్దని నేననను, అది ఇద్దరికీ సరదా కూడా. తాజా చందువాను పట్టుకుని "ఇది నిన్నటిది" అని అబద్ధమాడి పది రూపాయలు తగ్గించుకోవడం మాత్రం వద్దు. షాపింగ్ మాల్‌లో స్టిక్కరు మీద ఉన్నంతా ఇచ్చి, గంప ముందు మాత్రం వీరులమైపోతే అది బేరం అనిపించుకోదు.

చదవడం: తక్కువ చదివి, అదే రోజు చేయండి

ఏడాదిలో బైబిలు పూర్తి చేసే పట్టికలు మంచివే. కానీ సంఖ్యాకాండం మధ్యలో ఆగిపోయినవాళ్ళే ఎక్కువ. ఇంకో దారి ఉంది. మత్తయి 5, 6, 7 అధ్యాయాలు, అంటే కొండమీది ప్రసంగం, మొత్తం 111 వచనాలు. రోజుకు నాలుగైదు వచనాలు చదివితే నెలలోపు అయిపోతుంది. ఒకే షరతు: చదివినదాంట్లో ఒక్క మాటైనా ఆ రోజు రాత్రిలోపు చేయాలి.

ఉదాహరణకు "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అన్న 5:37 వచ్చిన రోజున, ఇంట్లో కూర్చుని "దారిలో ఉన్నాను, ఎన్.ఏ.డి. జంక్షన్ దాటాను" అని ఫోన్‌లో చెప్పకుండా ఉండండి. వినడానికి చిన్నదే, సాయంత్రానికి ఎంత కష్టమో తెలుస్తుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న 6:3 వచ్చినప్పుడు ఎవరికైనా సాయం చేసి ఫోటో తీయకండి. శత్రువుల కోసం ప్రార్థించమన్న వచనం వచ్చిన రోజు ఆఫీసులో మీ ప్రమోషన్‌కు అడ్డుపడ్డ మనిషి పేరు పెట్టి, అతని పిల్లల చదువు కోసం ప్రార్థించండి. "వాణ్ణి మార్చు ప్రభువా" అనేది లెక్కలోకి రాదు.

పాత తెలుగు బైబిలు భాష కొరుకుడుపడకపోతే సిగ్గుపడక్కర్లేదు, వాడుక భాషలో అనువాదాలున్నాయి, పక్కన పెట్టుకోండి. పాతది మాత్రం ఒకసారి బయటికి చదవండి, ఆ లయ నోటికి పట్టుకుంటుంది. మత్తయి సువార్త తెలుగులోకి రావడంలో మన ఊరికి పెద్ద పాత్రే ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో అనువాదానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. ఇప్పుడు అదే మత్తయి మన ఫోన్‌లో ఉచితంగా ఉంది, నోటిఫికేషన్ల కింద.

ప్రార్థన: షిఫ్టును బట్టి

తెల్లవారుజామున నాలుగింటికి లేవకపోతే విశ్వాసమే లేదన్నట్టు కొందరు మాట్లాడతారు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే ఇల్లు చేరే స్టీల్ ప్లాంటు ఉద్యోగికి, కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, నైట్ డ్యూటీ నర్సుకి ఆ టెన్షన్ పెట్టడం అన్యాయం. నిద్ర లేచిన వేళే మీకు ఉదయం, మధ్యాహ్నం రెండైనా సరే. లేవగానే పరలోక ప్రార్థన నెమ్మదిగా, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ చెప్పండి. ఐదు నిమిషాలు చాలు.

బస్సులో తిరిగేవాళ్ళకు ఒక చిట్కా. మీ దారిలో వచ్చే స్టాపులకు మనుషుల్ని కేటాయించుకోండి. గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్తుంటే, షీలానగర్ వస్తే అమ్మానాన్నలు, ఎన్.ఏ.డి. వస్తే మీ పై అధికారి, తాటిచెట్లపాలెం వస్తే జబ్బుతో ఉన్న స్నేహితుడు, గురుద్వారా వస్తే మాట్లాడటం మానేసిన బంధువు. ట్రాఫిక్‌లో బస్సు ఎవరి దగ్గర ఆగిపోతే వాళ్ళకు ఆ రోజు ఎక్కువ ప్రార్థన. కళ్ళు మూసుకోనక్కర్లేదు, బైక్ నడిపేవాళ్ళు అసలే మూసుకోవద్దు.

ఆదివారం డ్యూటీ పడితే నేరం చేసినట్టు కుంగిపోకండి. ఆసుపత్రి, పోర్టు, బ్లాస్ట్ ఫర్నేసు ఆదివారం ఆగవు. ముందే సంఘకాపరికి చెప్పి, వారం మధ్యలో ఇద్దరు ముగ్గురితో కూర్చునే వీలు చేసుకోండి.

పని చోట

ఆఫీసు టేబుల్ మీద వాక్యం ఉన్న క్యాలెండరు పెట్టుకోవడం సులువు. రీడింగ్ తీయకుండా లాగ్ బుక్‌లో అంకె వేయకుండా ఉండటం కష్టం. "నిన్నటిదే వెయ్యి, ఏమవుతుంది" అని సీనియర్ అంటాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరై ఇళ్ళలోకి వచ్చిన రోజు తర్వాత, ట్యాంకు ఉష్ణోగ్రత చూడటం ఎంత పెద్ద పనో ఈ ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఫార్మా యూనిట్లలో, రిఫైనరీల్లో, షిప్‌యార్డులో పనిచేసే విశ్వాసికి ఆరాధనలో సగం అక్కడే ఉంది: వెళ్ళి చూసి, ఉన్న అంకె రాయడం. చూడని పని మీద సంతకం పెట్టమంటే, "నేను చూసొచ్చి పెడతాను సార్" అనండి. గొడవ పడక్కర్లేదు, ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. రెండు మూడుసార్లు అలా అంటే, మిమ్మల్ని అడగడం మానేస్తారు. మీతో టీ తాగడం కూడా కొన్నాళ్ళు మానేయొచ్చు. దానికి సిద్ధపడండి.

ఋషికొండ వైపు సాఫ్ట్‌వేర్ పిల్లలకు వేరే రూపంలో వస్తుంది: చేయని గంటలు టైంషీట్‌లో వేయడం, లేని అనుభవం రెజ్యూమెలో రాయడం. "అందరూ పెడుతున్నారు అంకుల్" అంటారు. నిజమే, అందరూ పెడుతున్నారు.

ఇంకో మాట. డ్యూటీ టైంలో పక్కవాడికి సువార్త చెప్తూ పని అతని మీద వదిలేయకండి. మీ వంతు మోసినవాడు మీ మాట వినడు.

ఇంట్లో

ఇది త్వరగా చెప్తాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే, ఎవరూ చేయనిదే. పొద్దున స్టేటస్‌లో వచనం పెట్టి, పది నిమిషాల్లో టిఫిను ఆలస్యమైందని అరిస్తే ఇంట్లోవాళ్ళు ఆ రెండూ చూస్తారు. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీ పత్రిక 4:26. పడుకునే ముందు సర్దుకోండి. వయసులో పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే పిల్లలు నేర్చుకుంటారు. యేసు శిష్యుల కాళ్ళు కడిగాడు. మగవాళ్ళు భోజనం చేసిన కంచం కడుక్కుంటే చాలా దూరం వచ్చినట్టే.

పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కట్నం నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. మనం కట్నం అనం, "మీ అమ్మాయికి మీకు తోచింది పెట్టుకోండి" అంటాం, తర్వాత తోచింది ఎంతో మధ్యవర్తితో కనుక్కుంటాం. "మంచి క్రైస్తవ సంబంధం కావాలి" అంటూనే రెండో వాక్యంలో కులం అడుగుతాం. క్రీస్తులో యూదుడని గ్రీకుదేశస్థుడని లేదన్న గలతీ పత్రిక 3:28ని పెళ్ళి ప్రసంగంలో చదువుతాం, ఆ పెళ్ళిలోనే. కొడుకు తల్లిదండ్రులు మీరైతే మొదటి మాటగా చెప్పేయండి: ఏమీ వద్దు, పెళ్ళి ఖర్చు చెరి సగం. అమ్మాయి వాళ్ళు ముందు నమ్మరు, ఏదో లోపం ఉందేమో అని వాకబు చేస్తారు. చేసుకోనివ్వండి.

కానుక, అమ్మ బీపీ మాత్రలు

ప్రతి ఆదివారం తన వరుమానం కొద్దీ కొంత తీసి దాచమని పౌలు కొరింథీయులకు రాశాడు. జీతం పడిన రోజే ఒక కవరులో వేరు చేయడం మంచి అలవాటు. దశమభాగం ఇవ్వాలా, స్థూల జీతం మీదా, చేతికొచ్చినదాని మీదా అన్న చర్చ మన దగ్గర తెగదు. ఆ చర్చ చేసే ముందు మార్కు 7వ అధ్యాయం చదవండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది "కొర్బాను", దేవార్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్ళను యేసు అక్కడ కడిగేశాడు. మహాసభల కానుకకు ఐదువేలు రాసి, శ్రీకాకుళంలో ఉన్న అమ్మకు నెల మాత్రలకు పంపడం మరిచిపోతే ఆ అధ్యాయం మన గురించే. ముందు అమ్మకు పంపండి.

ఇచ్చాక లెక్క అడగడం అవిశ్వాసం అనుకోకండి. యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్ము విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు తోడుగా మనుషుల్ని పెట్టుకున్నాడు, 2 కొరింథీ 8లో ఉంది. సంఘం లెక్కలు ఏడాదికోసారి అందరి ముందు చదవమని కోశాధికారిని మర్యాదగా అడగండి. మంచి కాపరి సంతోషిస్తాడు.

ఇరుగుపొరుగు

హార్బర్ దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి: రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, మరోదాని మీద వెంకన్న గుడి. విశాఖ విశ్వాసి బతుకు అలాంటిదే. ఇతరుల దేవుళ్ళను తక్కువచేసి మాట్లాడకండి. అపొస్తలుల కార్యములు 19:37లో ఎఫెసు పట్టణ కరణం అల్లరిమూకతో, వీళ్ళు మన దేవతను దూషించలేదు అని చెప్తాడు. పౌలు వాళ్ళు ఆ ఊళ్ళో చాలాకాలం బోధించారు, అయినా ఆ మాట వాళ్ళ గురించి చెప్పగలిగారు. మన గురించి మన వీధివాళ్ళు చెప్పగలరా అని చూసుకోండి.

ప్రసాదం ఇస్తే ఏం చేయాలి అని చాలామంది అడుగుతారు. 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షి చెప్పినట్టు చేయండి, సంఘాలు ఇందులో ఒకే మాట మీద లేవు. తీసుకోకూడదనుకుంటే రెండు చేతులు జోడించి, "ఏమనుకోకండి అక్కా, మేం తీసుకోం" అనండి. మొహం తిప్పుకోవడం, గుమ్మం మూసేయడం వద్దు. వాళ్ళింట్లో ఎవరికైనా ఆరోగ్యం బాలేకపోతే ముందు మీరే వెళ్ళండి.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవాళ్ళు మీ వీధి మీదుగా వెళ్తుంటే, రెండు క్యాన్ల మంచినీళ్ళు పెట్టి గ్లాసులు అందించండి. దాంతో కరపత్రం ఇవ్వకండి. ఈ విషయంలో నాతో గొడవపడే మిత్రులున్నారు. నా పట్టు నాదే: దాహమైన మనిషికి నీళ్ళు నీళ్ళుగానే ఇవ్వాలి. రాత్రి పది దాటాక మైకు కట్టేయడం కూడా పొరుగువాణ్ణి ప్రేమించడమే, పైగా చట్టం కూడా.

రోగిని చూడటానికి వెళ్తే

కేజీహెచ్‌కు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, ఒడిశా వైపు నుంచి కూడా వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది, వెంట వచ్చినవాళ్ళు వరండాలోనో, మెట్ల దగ్గరో పడుకుంటారు. మీరు వెళ్ళేటప్పుడు వాళ్ళ కోసం భోజనం ప్యాకెట్టు, దుప్పటి, ఫోన్ ఛార్జరు పట్టుకెళ్ళండి. ఇద్దరికి మించి వెళ్ళకండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి, ఒప్పుకుంటే మెల్లగా, చిన్నగా చేయండి. పక్క మంచం మీద ఇంకెవరో నొప్పితో ఉంటారు.

మందులు ఆపమని ఎవరికీ, ఎప్పుడూ చెప్పకండి. ఏ పాపం వల్ల ఈ జబ్బు వచ్చిందో వెతకకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మేలైన పని అదొక్కటే, నోరు తెరిచాకే అంతా చెడింది.

ఇద్దరు ముగ్గురు తోడు

ఇవన్నీ ఒక్కరే చేస్తే నెల తిరక్కుండా జారిపోతాయి. మీ షిఫ్టు, మీ బస్సు, మీ కాలనీ కలిసే ఇద్దరినో ముగ్గురినో వెతుక్కోండి. బీచ్ రోడ్డులో నడుస్తూనో, టీ కొట్టు దగ్గర నిలబడో వారానికి అరగంట చాలు. పాట, ప్రసంగం అక్కర్లేదు. మూడు ప్రశ్నలు ఒకరినొకరు అడగండి: ఈ వారం అబద్ధం ఎక్కడ ఆడావు? ఎవరికి ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదు? చదివినదాంట్లో ఏం చేశావు? స్త్రీలు స్త్రీలతో, పురుషులు పురుషులతో కూర్చుంటే మాట తెరుచుకుంటుంది. పాస్టర్‌గారు ఈ గుంపులో లేకపోవడమే మేలు, ఆయన ముందు అందరం మంచివాళ్ళమైపోతాం.

అక్కడ విన్నది అక్కడే ఉండాలి. మన దగ్గర చాడీలు ఎక్కువగా "ప్రార్థన విన్నపం" వేషంలో తిరుగుతాయి: "ఫలానా వాళ్ళ అబ్బాయి గురించి ప్రార్థన చేయండి, ఏమైందంటే..." అని మొదలవుతుంది. ఆ "ఏమైందంటే" దగ్గరే ఆపేయండి, పేరు చాలు. ఒకరి తప్పు మీ కంటబడితే మత్తయి 18:15 ప్రకారం ముందు ఒంటరిగా అతనితోనే మాట్లాడాలి, వాట్సాప్ గ్రూపులో కాదు, వాళ్ళావిడ ద్వారా కాదు. ముగ్గురిలో ఒకరి షిఫ్టు మారితే రోజు మార్చుకోండి. ఒకరు వరసగా రెండు వారాలు రాకపోతే ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడక్కుండా, సాయంత్రం వాళ్ళింటి వైపు వెళ్ళి తిన్నారా లేదా కనుక్కోండి.